రంగం నుంచి నడిచివచ్చిన మా నాయనమ్మ చేత ఆ కథ చెప్పించవచ్చునా?

ప్రశ్న (బరంపురం నుంచి)

మా నాయనమ్మకు ఇప్పుడు 92 ఏళ్ళు. ఆమె తండ్రి రంగూన్‌లో బియ్యం మిల్లులో పని చేసేవాడు. మా ఇళ్ళలో ఆ ఊరిని రంగూన్‌ అనరు, రంగం అనే అంటారు. గోపాలపురం రేవులో స్టీమరెక్కి రంగం వెళ్ళిన కుటుంబాలు గంజాం జిల్లాలోనూ శ్రీకాకుళం వైపునా ఎన్ని ఉన్నాయో ఇక్కడి వారికి నేను చెప్పనక్కరలేదు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేసిన తరువాత, ఓడలో చోటు దొరకని వేలాది తెలుగు కూలీల మాదిరిగానే వీళ్ళూ కాలినడకన బయలుదేరారు. ప్రోమ్‌ దాకా వచ్చి, అక్కడి నుంచి టౌంగప్‌ కనుమ మీదుగా అరకాన్‌ కొండలు దాటి, అక్యాబ్‌ చేరి, పడవలో చిట్టగాంగు వచ్చి, అక్కడ రైలెక్కారు. ఆ దారిలో కలరా సోకి ఎక్కడివాళ్ళక్కడ రాలిపోయారని పుస్తకాలలో చదివాను. అమితవ్‌ ఘోష్‌ 2000లో వెలువరించిన ‘ది గ్లాస్‌ ప్యాలెస్‌’ నవలలో కూడా 1942 నాటి ఆ నడక ఉన్నది. నాయనమ్మ నోట మాత్రం కలరా అన్న మాట నేనెన్నడూ వినలేదు.

ఆమె చెప్పే కథ ఒక్కటే, అదీ నవ్వు కథ. రంగంలో వాళ్ళ ఇంట్లో ఒక చిలక ఉండేదట. బయలుదేరే రోజున వాళ్ళ నాన్న పంజరం తలుపు తీసి ‘పో’ అంటే అది పోకుండా, లోపలే కూర్చుని, ‘అన్నం తిన్నావా, అన్నం తిన్నావా’ అని అందరినీ అడిగిందట. నాయనమ్మ ఆ మాటను ముక్కుతో, మెడ ఒక పక్కకు వంచి అంటుంది. మూడు తరాల పిల్లలం దానికి పడీ పడీ నవ్వాము. ఆ తరువాత ‘ఏరు దాటినాం’ అంటుంది. ఆ వెంటనే బరంపురం స్టేషనులో గొడుగు పట్టుకుని నిలబడిన మేనమామ వచ్చేస్తాడు. ఆ ఏటికీ ఈ స్టేషనుకూ మధ్య నెలల తరబడి సాగిన ప్రయాణం గురించి అడిగితే, ‘ఏటి సెప్పమంటావురా బావూ, నడిసినాం, వొచ్చినాం’ అని మరచెంబు మూత బిగించుకుంటుంది. ఇంట్లో ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్ళినా ఆ చెంబు ఆమె చేతిలోనే ఉంటుంది, కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప అందులో పోయనివ్వదు.

ఇక అసలు సంగతి. రంగంలో ఏదో స్టూడియోలో తీయించిన ఫోటో ఒకటి మా ఇంట్లో ఉన్నది. అందులో తల్లి, తండ్రి, నాయనమ్మ, ఆమె భుజం దాకా వచ్చే ఒక మగపిల్లవాడు ఉన్నారు. ఆ పిల్లవాడెవరని అడిగితే ‘ఎవలో పక్కింటోల పిల్లడు’ అంటుంది. స్టూడియోకు పక్కింటి పిల్లవాడిని తీసుకుపోయి తల్లి ఒడికి ఆనించి ఎవరూ నిలబెట్టరని మా అందరికీ తెలుసు. మా అమ్మాయి కాలేజీలో చదువుతున్నది. నాయనమ్మ చేత మొత్తం కథ చెప్పించి ఫోనులో రికార్డు చేస్తానని పట్టుదలగా ఉన్నది; చెప్పుకుంటే భారం దిగుతుందని దాని నమ్మకం. మా నాన్నగారు మాత్రం మానిన పుండును గోకవద్దంటున్నారు. నేను మధ్యలో ఉన్నాను. కథ చెప్పుకోవడం వలన మనిషి తేరుకుంటాడన్న మాట మన సాహిత్యంలో నిజంగా ఉన్నదా, ఉంటే ఏ షరతు మీద ఉన్నది? చదివినవారు, చూసినవారు చెప్పగలరు.


జవాబు (పర్లాకిమిడి నుంచి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)

ఈ విషయం ఎత్తగానే అందరూ వాల్మీకి క్రౌంచపక్షి దగ్గరికి పరుగెత్తి, శోకమే శ్లోకమైందని చెప్పి ఊరుకుంటారు. నాకు ఆ ఉదాహరణ మీద ఎప్పుడూ తృప్తి లేదు. అక్కడ శ్లోకం చెప్పినవాడు చూసినవాడు, బాణం తగిలింది వేరొక ప్రాణికి. మీ ప్రశ్న బాణం తగిలినవారిని గురించినది కనుక, దానికి సంస్కృత నాటకకర్త భవభూతి దగ్గర జవాబు వెదకడం మంచిది. ‘ఉత్తరరామచరితం’ మొదటి అంకంలో, గర్భవతియైన సీతకు కాలక్షేపంగా ఉంటుందని, తమ వనవాసమంతా చిత్రించిన బొమ్మలను లక్ష్మణుడు చూపిస్తాడు. అంతా గడిచిపోయిన కథే, అందరూ క్షేమంగా ఇంటికి చేరినవారే. అయినా సీతను పోగొట్టుకున్న నాటి బొమ్మల దగ్గరకు వచ్చేసరికి రాముడికి కన్నీళ్ళు ఆగవు, ఇక చాలించమని తమ్ముడిని బతిమాలుకుంటాడు. బొమ్మలు వేయించినవారి ఉద్దేశం మంచిదే. మీ అమ్మాయి ఉద్దేశమూ మంచిదే.

అదే నాటకం మూడవ అంకంలో, చెరువు పొంగినప్పుడు నీరు పోవడానికి దారి ఇవ్వడమే చికిత్స అనీ, దుఃఖం పొంగినప్పుడు గుండె విలపించడం వలననే నిలుస్తుందనీ అర్థం వచ్చే శ్లోకం ఉన్నది. చెరువు గట్టున పెరిగినవారికి ఇందులోని కిటుకు తెలుస్తుంది. అలుగు అనేది గట్టు కట్టేటప్పుడే, ఎంత మట్టం దాటితే ఎంత నీరు పోవాలో చూసుకుని కట్టుకునేది. వరద రోజున గునపం పట్టుకుని గట్టుకు గండి కొట్టడాన్ని అలుగు అనరు. మీ నాయనమ్మగారి చిలక కథ ఆమె తన చేతులతో కట్టుకున్న అలుగేమో ఆలోచించండి. ఇంతకాలం దాని మీదుగానే కొంత కొంత పోతున్నదేమో. మనం నవ్వుతూ వినడం వలన అది మనకు తెలియలేదేమో.

రెండవ సంగతి భారతం నుంచి చెబుతాను. జూదంలో సర్వమూ పోగొట్టుకుని అడవిలో ఉన్న ధర్మరాజు, నాకంటె దురదృష్టవంతుడైన రాజు లోకంలో ఉన్నాడా అని బృహదశ్వ మహర్షిని అడుగుతాడు. ఆ ముని ధర్మరాజును నీ కథ చెప్పమని అడగడు, నలుడి కథ చెబుతాడు. అదీ జూదమే, రాజ్యం పోవడమే, భార్యతో అడవిపాలు కావడమే. తన కథను వేరొకరి పేరు మీద విన్న తరువాత, ఆ ముని దగ్గరే పాచికల రహస్యమైన అక్షహృదయాన్ని కూడా ధర్మరాజు నేర్చుకుంటాడు. ఓదార్పుతో పాటు చేతికొక విద్య కూడా ఇచ్చి పంపడం నాకు చాలా నచ్చిన సంగతి. నన్నయగారి అరణ్యపర్వంలో ఆ ఘట్టం మళ్ళీ చదవండి. అందులోనే దమయంతి, ఎక్కడున్నాడో తెలియని భర్తను వెదకడానికి, చీర సగం కోసుకుని పోయినవాడా ఎక్కడున్నావని అడిగే మాటలను బ్రాహ్మణులకు నేర్పి దేశాల మీదికి పంపుతుంది. కథ సగమే చెప్పించింది. మిగిలిన సగం తెలిసినవాడు వికృత రూపంలో ఉన్నా సరే బదులు పలకకుండా ఉండలేడని ఆమెకు తెలుసు. బాహుకుడనే పేరుతో సారథి వేషంలో ఉన్న నలుడు పలికాడు.

కాబట్టి నా సలహా: మీ నాయనమ్మగారిని ఏమీ అడగవద్దు. రంగం నుంచి వచ్చిన వేరే ఎవరి సంగతైనా, మీకు తెలిసినంత సగం సగం, ఆమె పక్కన కూర్చుని మీరే చెప్పండి. ఫోను వద్దు.


జవాబు (గుణుపురం నుంచి)

మాస్టారు గ్రంథాల నుంచి చెప్పారు. నేను మా కొండల మీద ఉన్న సంగతి చెబుతాను. అది అచ్చులో ఉన్న సాహిత్యం కాకపోయినా, కథనమే. సవరలలో చనిపోయినవారితో మాట్లాడే ఆనవాయితీ ఉండేది. పూనకం పూనిన స్త్రీ నోట చనిపోయిన మనిషి మాట్లాడతాడు. చుట్టూ చేరిన బంధువులు వింటూ కూర్చోకుండా ఎదురు ప్రశ్నలు వేస్తారు, దెబ్బలాడతారు, ఏడుస్తారు, మధ్యలో నవ్వుతారు కూడా. ఎలా పోయావు, ఎవరు చేశారు, నీ గాజులు ఎవరికివ్వాలి, ఆ రోజు నేను నీకు నీళ్ళివ్వలేదని కోపమా — ఇటువంటి ప్రశ్నలు. పియర్స్‌ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1970లలో ఈ ప్రాంతంలో సవరల మధ్య ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని, ఈ సంభాషణల మీద 1993లో ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. (సవర భాష కోసం మన గిడుగు రామమూర్తిగారు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు పర్లాకిమిడిలో పడిన పాటు వేరే చెప్పాలి.) పాశ్చాత్యుల మనోవిశ్లేషణలో దుఃఖం బతికినవాడి మనసు లోపలే జరిగే పని కాగా, సవరల దగ్గర అది నలుగురిలో, చనిపోయినవాడితో బేరమాడి తేల్చుకునే వ్యవహారమని ఆయన వాదన.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది కాలం. ఆ సంభాషణ ఒక పూటతో తేలదు. ఏళ్ళ తరబడి సాగుతుంది. మొదట్లో చనిపోయినవాడు తాను పోయిన బాధతోనే వస్తాడు, తనకు వచ్చిన రోగమే బంధువులకూ అంటిస్తాడని భయం. మాట మీద మాట జరిగి జరిగి అతని మాట మెత్తబడుతుంది. చివరకు పూర్వీకులలో కలిసి, కుటుంబంలో పుట్టిన బిడ్డకు తన పేరు ఇస్తాడు. ఇప్పుడు సవర యువతరంలో ఎక్కువమంది క్రైస్తవులు. ఆ సంభాషణలు చాలా ఊళ్ళలో నిలిచిపోయాయి. మంచికో చెడుకో చెప్పడానికి నేనెవరిని? అయితే మా కొట్టుకు వచ్చే ఒక ముసలి సవర స్త్రీ, చర్చికి వెళ్ళేదే, పోయిన చెల్లెలి పేరు ఎత్తి ‘ఇప్పుడు దానితో మాట్లాడడానికి వీలులేదు’ అని ఒకసారి అన్నది. బంధువుకు ఫోను కలవడం లేదన్నట్టే అన్నది.

మీ ఫోటోలోని పిల్లవాడికి పేరు లేదన్నారు. ముందు అతని పేరేమిటో తెలిస్తే బాగుంటుందనిపించింది.


జవాబు (కాశీనగరం నుంచి, ఆరోగ్య కార్యకర్త)

నేను సాహిత్యం చదువుకున్నదానిని కాను, తప్పుంటే మన్నించాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను ముంచినప్పుడు, కొండచరియలు విరిగిపడిన ఊళ్ళ నుంచి వచ్చినవారి మధ్య నేను పని చేశాను. బడాఘరా దగ్గర ఏమి జరిగిందో మీరంతా పత్రికలలో చదివే ఉంటారు. ఆ రోజులలో ఎక్కడి నుంచో వచ్చిన ఒక బృందం, పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి ఆ రాత్రి ఏమి జరిగిందో ఒక్కొక్కరి చేత చెప్పించింది, బొమ్మలు వేయించింది. వాళ్ళు మధ్యాహ్నం వచ్చారు, సాయంత్రం బండెక్కి వెళ్ళిపోయారు. ఆ వలయంలో కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్ల, తన వంతు వచ్చినప్పుడు గడగడా అంతా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత పది రాత్రులు ఆ పిల్ల నిద్రపోలేదు. పక్కన కూర్చున్నది నేను, ఆ బృందం కాదు.

చెప్పుకుంటే భారం దిగుతుందన్న మాటను వైద్యం చాలాకాలం నమ్మింది. ఆపద జరిగిన వెంటనే ఒక్క విడతలో అంతా చెప్పించడం వలన ముందు ముందు మానసిక వ్యాధి రాకుండా ఆగదనీ, కొందరికి చెడు కూడా చేయవచ్చుననీ పరిశోధనలలో తేలిన తరువాత ఆ పద్ధతి విడిచిపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని, ఎవరినీ తమ కథ చెప్పమని ఒత్తిడి చేయవద్దనీ, చెప్పదలచుకున్నవారిని వినమనీ చెబుతుంది. జూడిత్‌ హర్మన్‌ అనే వైద్యురాలు 1992లో రాసిన పుస్తకంలో తేరుకోవడానికి మూడు దశలు చెప్పింది: మొదటిది భద్రత, గుర్తు చేసుకుని దుఃఖించడం రెండవది, మనుషులలో మళ్ళీ కలవడం మూడవది. మనవాళ్ళు రెండవ దానితో మొదలుపెట్టి మొదటిది మరిచిపోతారు.

మీ నాయనమ్మగారికి 92 ఏళ్ళు. మీ అమ్మాయి ఒకవేళ విన్నదే అనుకుందాము, ఆ రాత్రి ఆమె గదిలో ఎవరు పడుకుంటారు? ఈ ప్రశ్నకు మీ ఇంట్లో జవాబు ఉన్న తరువాతనే మిగిలినది.


జవాబు (జయపురం నుంచి)

ఈ చర్చలో ‘స్వస్థత’ అన్న మాట చాలా తేలికగా వాడుతున్నారని నాకు అభ్యంతరం. మా కొరాపుట్‌ కొండల మీదనే గోపీనాథ్‌ మహంతి ‘పరజా’ అనే ఒడియా నవల రాశాడు, 1945లో. ఆయన ఈ ప్రాంతంలో ప్రభుత్వాధికారిగా పని చేసినవాడు. సుక్రు జాని అనే పరజా తెగ రైతు, అతని కొడుకులు, అప్పు కింద సాహుకారుకు గోతి కూలీలు, అంటే వెట్టివాళ్ళు, అవుతారు, భూమి పోతుంది. తిరిగి ఇమ్మని చివరిసారి బతిమాలినప్పుడు సాహుకారు విన్నాడా? విననందువలననే గొడ్డలి లేచింది. ఆ నవల చదివి మనకు గుండె చెమ్మగిల్లి ఉండవచ్చును. సుక్రు జానికి ఏమి మానింది?

ఎ.కె. రామానుజన్‌ 1991లో అచ్చు వేసిన భారతీయ జానపద కథల సంపుటంలో ఒక తమిళ కథ ఉన్నది. కొడుకులూ కోడళ్ళూ పెట్టే బాధ ఎవరికీ చెప్పుకోలేని ఒక వితంతువు, ఆ బాధ లోపలే దాచుకుని నానాటికీ లావైపోతుంది. దానికీ ఇంట్లో ఎగతాళే. ఒకనాడు ఊరి బయట కప్పు లేని పాడుబడిన ఇంట్లోకి వెళ్ళి, పెద్దకొడుకు మీది బాధ ఒక గోడకు చెప్పుకుంటే ఆ గోడ బరువుకు కూలిపోతుంది, ఆమె ఒళ్ళు కొంత తేలికవుతుంది. అలా ఒక్కొక్కరి సంగతి ఒక్కొక్క గోడకు చెప్పి, నాలుగూ కూలిన తరువాత తేలిక ఒంటితో ఇంటికి వెళుతుంది. అద్భుతమైన కథ, ఒప్పుకుంటాను. అయితే ఆమె తిరిగి వెళ్ళింది ఆ కొడుకుల దగ్గరికే. వాళ్ళు మారినట్టు కథలో ఎక్కడా లేదు. జాషువా 1941లో ‘గబ్బిలం’ రాసినప్పుడు, గుడిలోకి పోలేని మనిషి తన గోడు గుడిలోకి పోగలిగిన గబ్బిలానికి చెప్పుకున్నాడు. గబ్బిలానికి చెప్పుకోవలసి రావడమే అక్కడ అభియోగం. దానిని ఊరట అని పేరు పెట్టి మనం చేతులు దులుపుకోకూడదు.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. రాజిందర్‌ సింగ్‌ బేడీ ఉర్దూ కథ ‘లాజవంతి’ చదవని వారు చదవండి. దేశ విభజనలో అపహరణకు గురైన భార్య తిరిగి వస్తే భర్త ఆదరిస్తాడు, అంతకు ముందు కొట్టినవాడు ఇప్పుడు దేవి అని పిలుస్తాడు. ఆమె తనకు జరిగినదంతా చెప్పుకుని ఏడవాలనుకుంటుంది. అతడు జరిగిపోయినవి వదిలేద్దామంటాడు. ఇల్లు నిలబడింది, ఆమె మాత్రం లోపల విరిగిపోయింది. ఆ భర్త మంచివాడు, ప్రశ్న అడిగిన మిత్రుడి తండ్రిగారి లాగానే. మానిన పుండు అంటున్నారు సరే, మానిందని ఎవరు చూశారు? ఆమె చెప్పనందువలన మనకు హాయిగా ఉన్నదేమో కూడా విచారించుకోవాలి.


ప్రశ్న అడిగినవారి నుంచి

అందరికీ నమస్కారాలు. జయపురం మిత్రుని చివరి మాట మా నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, నాయనమ్మ గదిలో తాను పడుకుంటానని మంచం అటు జరిపించుకున్నారు.

మాస్టారు చెప్పినట్టు ఫోను పక్కన పెట్టి, మా వీధిలో ఒకప్పుడు ఉన్న రంగం కుటుంబం గురించి నేనే చెప్పడం మొదలుపెట్టాను. వాళ్ళింట్లోనూ చిలక ఉండేదట, అది బర్మా మాటలు మాట్లాడేదట అన్నాను. (చిలక నేను కల్పించినదే, మాస్టారు మన్నించాలి.) నాయనమ్మ కొంతసేపు విని, ‘బర్మా మాటలు సిలక్కెక్కడొస్తాయిరా’ అని నవ్వింది. మరి మీ చిలకకు తెలుగు ఎలా వచ్చింది, అన్నాను. ఆ తరువాత అన్న మాటలు ఆమె అన్నట్టే రాస్తున్నాను. ‘మా సిలక్కీ మాట రాదు. మా అప్పన్న అనీవోడు. పంజరం ఎనకాల దాక్కుని అనీవోడు. ఆడు అన్నట్టు అనడం నాను ఆడి కాడే నేర్సుకున్నాను.’

అప్పన్న ఎవరని నేను అడగలేదు. మరచెంబు మూత తీసి రెండు గుక్కలు తాగింది. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉన్నది, చేతిలో ఫోను లేదు. దానిని దగ్గరకు రమ్మని పిలిచి, మెడ ఒక పక్కకు వంచి, ‘అన్నం తిన్నావా’ అని ముక్కుతో అడిగింది. ఈసారి మాకెవ్వరికీ నవ్వు రాలేదు. ఆమె మాత్రం నవ్వింది.